ఐదడుగుల ఐదంగుళాల కుర్రాడు ఫుట్‌బాల్ ఆడొచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి పదిహేనేళ్లు, ఆగస్టులో పదో తరగతిలోకి వెళ్తాడు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 138 పౌండ్లు. నిరుడు స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల (ఫ్రెష్‌మన్) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రన్నింగ్ బ్యాక్‌గా, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడిగా ఆడాడు, ఈసారి జేవీలోకి, అంటే స్కూల్ రెండో జట్టులోకి తీసుకుంటున్నారు. రోజూ డారెన్ స్ప్రోల్స్ అనే పాత ఆటగాడి వీడియోలు చూస్తూ, "ఆయనా నాలాగే పొట్టివాడు, ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) దాకా వెళ్లాడు, నేనెందుకు వెళ్లలేను" అంటాడు. ఈ ఆట మనవాళ్ల ఒంటికి పడదు, శాట్‌కి (కాలేజీ ప్రవేశ పరీక్షకి) కూర్చో అని మావారు. ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకుని నెలవుతోంది. గుంటూరు నుంచి మా అమ్మ ఫోన్ చేసి, కమ్మీ పట్టుకుని వేలాడమను, పొడుగవుతాడు అంటుంది. వాడేమో ఆన్‌లైన్లో ఎత్తు పెంచే పౌడర్ తెప్పించుకున్నాడని నిన్ననే తెలిసింది. ఆడనివ్వాలా, మాన్పించాలా? అంత ఎత్తుతో నిజంగా పైకి వచ్చినవాళ్లు ఉన్నారా? నాకైతే మ్యాచ్ చూడాలంటేనే గుండె దడ. – ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మాన్పించకండి. ఆడనివ్వండి, కానీ కొన్ని షరతులు పెట్టి ఆడనివ్వండి. అవేమిటో చెప్పేముందు మీ అబ్బాయి చూస్తున్న ఆటగాడి గురించి కాస్త వివరంగా మాట్లాడుకుందాం. వీడియోల్లో అతని పరుగే కనిపిస్తుంది. అలా పరుగెత్తడానికి ఎలాంటి ఒళ్లు తయారు చేసుకున్నాడో, ఏ పని చేస్తూ తన వంతు కోసం ఎన్నాళ్లు ఆగాడో కనిపించదు. మీ ఇంట్లో గొడవంతా ఎత్తు మీద నడుస్తోంది. స్ప్రోల్స్ నుంచి మీ అబ్బాయి నేర్చుకోవాల్సినవి మాత్రం బరువు గురించీ, జట్టులో చేసే పని గురించీ.

డారెన్ స్ప్రోల్స్ 1983లో పుట్టాడు, కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథా అనే ఊళ్లో పెరిగాడు. పుట్టినప్పుడే పది పౌండ్ల బరువున్నాడని 'ట్యాంక్' అని పిలిచేవాళ్లు. చిన్నప్పటి నుంచీ నత్తి. ఒలేథా నార్త్ హైస్కూల్లో ఆడుతున్న రోజుల్లోనే రాష్ట్రమంతా తెలిసిన రన్నింగ్ బ్యాక్. ఎత్తు మాత్రం 5 అడుగుల 6 అంగుళాల దగ్గర ఆగిపోయింది. సొంత రాష్ట్రంలోనే ఉన్న కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో, బిల్ స్నైడర్ అనే కోచ్ దగ్గర చేరాడు. 2003 సీజన్లో బంతి పట్టుకుని 1,986 యార్డులు పరుగెత్తాడు. ఆ డిసెంబరులో కాన్సస్ సిటీలో బిగ్ 12 అనే కాలేజీల లీగ్ ఫైనల్ జరిగింది. ఎదురుగా ఉన్నది అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడని, దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న ఓక్లహోమా. ఆ రోజు స్ప్రోల్స్ పరుగులో 235 యార్డులు, క్యాచులు పట్టి మరో 88 యార్డులు సాధించాడు. కాన్సస్ స్టేట్ 35-7తో గెలిచింది. ఆ ఏడాది కాలేజీ ఆటలో అతిపెద్ద అవార్డు హైస్మన్ ట్రోఫీ ఓట్లలో అతనిది ఐదో స్థానం.

ఇంత చేసినవాడు 2005 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్ఎఫ్ఎల్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే చోట, నాలుగో రౌండు దాకా కూర్చోవాల్సి వచ్చింది. 129 మందిని తీసుకున్నాక 130వ పేరుగా శాన్ డియేగో చార్జర్స్ పిలిచింది. ఆ జట్టులో అప్పటికే లడేనియన్ టామ్లిన్సన్ ఉన్నాడు. లీగ్‌లోనే గొప్ప రన్నింగ్ బ్యాక్‌లలో ఒకడు అతను. అలాంటివాడు ఉండగా ఆ స్థానంలో కొత్తవాడికి, అందులోనూ పొట్టివాడికి, బంతి ఎవరిస్తారు? అందుకని ముందు స్ప్రోల్స్‌కి దొరికిన పని, అవతలి జట్టు తన్నిన బంతిని అందుకుని ఎదురు పరుగెత్తడం. దాన్నే రిటర్ను అంటారు. రెండో ఏడాది సీజన్ మొదలవకముందే చీలమండ విరిగింది, ఏడాదంతా పోయింది. మూడో ఏడాది, 2007 నవంబరులో, ఇండియనాపోలిస్ కోల్ట్స్ మీద ఒకే మ్యాచ్‌లో అవతలివాళ్లు తన్నిన రెండు బంతుల్ని (కిక్‌ఆఫ్ ఒకటి, పంట్ ఒకటి) నేరుగా టచ్‌డౌన్ దాకా, అంటే అవతలి చివరి గీత దాటేదాకా తీసుకెళ్లాడు. అప్పటినుంచి కోచ్‌లు అతనికి వేరే పనులు కూడా అప్పజెప్పడం మొదలుపెట్టారు.

2011లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కి మారాడు. ఆ ఒక్క సీజన్లో పరుగులు, క్యాచులు, రిటర్నులు అన్నీ కలిపి 2,696 యార్డులు. అది లీగ్ రికార్డు. తర్వాత ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో వరసగా మూడు ప్రో బౌల్స్ (ఆ ఏడాది మేటి ఆటగాళ్లకి దక్కే గౌరవం). 2019 చివర్లో రిటైర్ అయ్యేనాటికి మొత్తం 19,696 యార్డులతో లీగ్ చరిత్రలోనే ఐదో స్థానంలో ఉన్నాడు.

మీ అబ్బాయితో ఒక లెక్క చూడమని చెప్పండి. లీగ్‌లో అన్నేళ్లు ఉండి కూడా స్ప్రోల్స్ ఏ సీజన్లోనూ రన్నింగ్ బ్యాక్‌గా వందసార్లు బంతి తీసుకుని పరుగెత్తలేదు. రికార్డు కొట్టిన 2011లో కూడా 87 సార్లే. ప్రధాన రన్నింగ్ బ్యాక్ అయితే రెండు వందలు, మూడు వందల సార్లు పరుగెత్తుతాడు. అంటే స్ప్రోల్స్ ఎవరి స్థానాన్నీ లాక్కోలేదు. రిటర్నులు, మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) చిన్న చిన్న పాసులు అందుకోవడం, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే లైన్‌బ్యాకర్‌ని (అవతలి డిఫెన్స్ ఆటగాణ్ని) అడ్డుకోవడం లాంటి పనులన్నిటినీ కలిపి తనకంటూ ఒక ఉద్యోగం తయారు చేసుకున్నాడు. ఎత్తు తక్కువవాడికి తలుపు తెరుచుకునేది చాలావరకు అక్కడే.

ఇక బరువు. స్ప్రోల్స్ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలే కానీ ఒంటి బరువు సుమారు 190 పౌండ్లు, అంటే 86 కిలోలు. డ్రాఫ్ట్ ముందు జరిగే పరీక్షల్లో 225 పౌండ్ల బార్‌ని పడుకుని 20 సార్లకు పైగా ఎత్తాడు. నేల మీద దిగబడ్డ వడ్ల బస్తాని పక్కకి తోయడం ఎంత కష్టమో అతన్ని పడగొట్టడం అంత కష్టం. భారమంతా కిందే ఉంటుంది, పట్టుకోవాలంటే ఆరడుగులవాడు నడుం వంచాలి. పైగా ముందు నిలబడే లైన్‌మెన్ ఒక్కొక్కరూ ఆరడుగుల పైన, 300 పౌండ్ల మనుషులు. వాళ్ల వెనక అతను క్షణం కనపడకుండా పోతాడు. ఆ క్షణం అతనికి చాలు. అందుకే ఎత్తు తక్కువవాళ్లు ఈ ఆటలో నిలిచిన చోట్లు రన్నింగ్ బ్యాక్, స్లాట్ రిసీవర్ (లైన్‌కి దగ్గరగా ఉండి పాసులు పట్టేవాడు), రిటర్నర్. లైన్‌లో నిలబడే స్థానాల్లో ఎంత పట్టుదల ఉన్నా లాభం ఉండదు, అక్కడ శరీరం పరిమాణమే పని చేస్తుంది. మీ అబ్బాయి రన్నింగ్ బ్యాక్ కావడం మంచిదే. కానీ 138 పౌండ్లకీ 190కీ మధ్య ఉన్న తేడా, 5 అడుగుల 5కీ 5 అడుగుల 6కీ మధ్య ఉన్న తేడాకన్నా చాలా పెద్దది. ఆ పెద్ద తేడా గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడుతున్నట్టు లేదు.

ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారు. నాకు అందరికన్నా శామ్ మిల్స్ అంటే అభిమానం. న్యూజెర్సీవాడు, 5 అడుగుల 9 అంగుళాలు. లైన్‌బ్యాకర్‌కి అది బాగా తక్కువ ఎత్తు. మాంట్‌క్లెయిర్ స్టేట్ అనే చిన్న కాలేజీలో ఆడాడు, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ శిబిరం నుంచి పంపేశారు. కెనడాలో టొరంటో జట్టు కూడా పంపేసింది. న్యూజెర్సీ తిరిగొచ్చి ఒక హైస్కూల్లో పిల్లలకి ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పాడు. 1983లో యూఎస్ఎఫ్ఎల్ అనే కొత్త లీగ్ మొదలైతే ఫిలడెల్ఫియా స్టార్స్‌లో చోటు దొరికింది. అక్కడి కోచ్ జిమ్ మోరా ఇతని ఆటని మూడేళ్లు దగ్గరుండి చూశాడు. 1986లో మోరా ఎన్ఎఫ్ఎల్‌లో సెయింట్స్ కోచ్ కాగానే మిల్స్‌ని వెంట తీసుకెళ్లాడు. ఆ తర్వాత ఐదు ప్రో బౌల్స్. 2005లో క్యాన్సర్‌తో చనిపోయాడు, 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఇతని కథలో నన్ను ఆపేది ఆ మోరా సంగతే. కొలతలు చూసి వద్దన్నవాళ్లు చాలామంది, ఆట చూసి కావాలన్నవాడు ఒక్కడు. ఎత్తు తక్కువవాడికి అలాంటి కోచ్ ఒకరు దొరకాలి. దొరకాలంటే ఆ కోచ్ కళ్లముందు ఏళ్లతరబడి నమ్మకంగా పని చేస్తూ ఉండాలి.

డానీ వుడ్‌హెడ్ అని ఇంకొకడు, 5 అడుగుల 8. నెబ్రాస్కాలో చాడ్రన్ స్టేట్ అనే డివిజన్ 2 (కాలేజీ ఆటలో రెండో స్థాయి) కాలేజీ నుంచి వచ్చాడు. డ్రాఫ్ట్‌లో పేరు రాకపోయినా పేట్రియట్స్ తరఫున ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో టచ్‌డౌన్ చేశాడు.

అయితే మీ ఊరికి దగ్గరి ఉదాహరణ కూడా చెప్పాలి, ఎందుకంటే అది వేరే సంగతి చెబుతుంది. ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లో సీడర్ రిడ్జ్ హైస్కూల్ కుర్రాడు డ్యూస్ వాన్. 5 అడుగుల 5 అంగుళాలు, సరిగ్గా మీవాడి ఎత్తు. స్ప్రోల్స్ చదివిన కాన్సస్ స్టేట్‌లోనే చేరి, 2021, 2022 రెండేళ్లూ ఆల్-అమెరికన్ (దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్లలో ఒకడు) అయ్యాడు. 2022లో జట్టు బిగ్ 12 టైటిల్ గెలవడంలో పెద్ద చెయ్యి అతనిదే. 2023 డ్రాఫ్ట్ ఆరో రౌండులో, 212వ పేరుగా డాలస్ కౌబాయ్స్ తీసుకుంది. అతని తండ్రి ఆ జట్టులోనే కాలేజీ ఆటగాళ్లని పరిశీలించే విభాగంలో ఉద్యోగి. నిన్ను తీసుకుంటున్నామని కొడుక్కి ఫోన్లో చెప్పింది ఆయనే. ఆ జట్టు ప్రధాన కార్యాలయం మీ ఫ్రిస్కోలోనే కదా, మీ అబ్బాయికి ఈ కథ తెలిసే ఉంటుంది. తర్వాతి సంగతి కూడా చూడమనండి. కాలేజీలో అంత వెలిగినవాడికి కౌబాయ్స్‌లో మొదటి రెండు సీజన్లలో పరుగుకి బంతి దొరికింది చాలా తక్కువసార్లు. ఎత్తు అడ్డు కాదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అడ్డే. దాటినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

అమెరికాలో ఏటా దాదాపు పది లక్షల మంది హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడతారు. డ్రాఫ్ట్‌లో తీసుకునేది ఏడు రౌండ్లలో రెండున్నర వందల పైచిలుకు. ఈ లెక్క మీ అబ్బాయికి తెలియనిదేమీ కాదు. పదిహేనేళ్లవాడు అందరికన్నా ముందు తన పేరు ఆ రెండున్నర వందల్లో ఊహించుకుంటాడు, ఆ వయసు అలాంటిది. కాబట్టి ఎన్ఎఫ్ఎల్ వస్తుందా రాదా అని ఇప్పుడు ఇంట్లో వాదన పెట్టుకోకండి. మీరు తేల్చుకోవాల్సింది ఈ ఏడాది జేవీలో క్షేమంగా ఆడగలడా అన్నదే.

దానికి మొదటి మెట్టు డాక్టరు. స్కూల్ ఫిజికల్‌కి (ఆడేముందు చేసే ఆరోగ్య పరీక్షకి) ఎలాగూ తీసుకెళ్తారు. ఆ రోజే చిన్నప్పటి నుంచి ఉన్న ఎత్తు, బరువు చార్టు అడగండి. పదిహేనేళ్లకి కొందరు మగపిల్లల ఎదుగుదల ముగింపుకి వస్తుంది, కొందరికి ఇంకా రెండు మూడేళ్లు ఉంటుంది. అనుమానం ఉంటే ఎడమచేతి ఎక్స్‌రే తీసి ఎముక వయసు చెబుతారు. దాంతో ఇంట్లో ఊహలు ఆగిపోతాయి. ఆ పౌడర్ డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి, డాక్టరే వాడితో చెబుతారు. ఎముకలు పెంచే పౌడర్ ఏదీ లేదు. అలాంటి డబ్బాల్లో పైన రాయని పదార్థాలు ఉండే ప్రమాదం కూడా ఉంది. క్రియాటిన్ లాంటి కండల పౌడర్లు కూడా పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి వద్దనే ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. ఇక మీ అమ్మగారి కమ్మీ. వేలాడితే ఎముక సాగదు కానీ ఆమె మాట వృథా పోనివ్వకండి. అదే కమ్మీ మీద పుల్-అప్స్ చేస్తే వీపు, భుజాలు గట్టిపడతాయి, వాడికి కావాల్సింది అదే.

బరువు పెరగడం నిదానంగా జరగాలి. స్కూల్ వెయిట్ రూమ్‌లో కోచ్ చెప్పిన పద్ధతిలో, మొదట సరిగ్గా కూర్చుని లేవడం నేర్చుకుని, ఆ తర్వాత బరువులు. ఇంట్లో మూడుపూటలా తినే తిండికి ఇంకో రెండుసార్లు కలపండి. ప్రాక్టీసు అయ్యాక కారులోనే తినడానికి గుడ్లు, పాలు, అరటిపండ్లు, వేరుశెనగలు. రాత్రి అన్నంలో పప్పు గరిటెడు ఎక్కువ, చికెన్ తింటే చికెన్, చివర్లో పెరుగు. నిద్ర ఎనిమిది గంటలకి తగ్గకూడదు. ఫోన్ రాత్రి మీ గదిలో ఉండాలి. టెక్సస్ ఆగస్టు ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రాక్టీసులో తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, మాట తడబడినా ఆగి చెప్పాలని ముందే ఒప్పించండి. ఎండదెబ్బతో పిల్లలు చనిపోయిన సందర్భాలు ఈ ఆటలో ఉన్నాయి.

తలకి తగిలే దెబ్బ దగ్గర మాత్రం రాజీ వద్దు. కంకషన్ (తలదెబ్బతో మెదడు అదరడం) అనుమానం వస్తే పిల్లాణ్ని వెంటనే ఆటలోంచి తప్పించాలనీ, డాక్టరు రాసిచ్చేదాకా తిరిగి ఆడనివ్వకూడదనీ టెక్సస్‌లో 2011 నుంచి చట్టమే ఉంది. ఆ కాగితం మీద తల్లిదండ్రుల సంతకం కూడా తీసుకుంటారు, చదివే పెట్టండి. చిక్కేమిటంటే పిల్లలు దాస్తారు. తలనొప్పి అని చెబితే స్థానం పోతుందని భయం. మీ అబ్బాయిలాంటివాడికి, ఎప్పుడూ తనని తాను నిరూపించుకోవాలనుకునేవాడికి, ఆ భయం ఇంకా ఎక్కువ. కాబట్టి ఇంట్లో నియమం ఇలా ఉండాలి: నిజం చెబితే తిట్లుండవు, దాచితే ఆ సీజన్ అక్కడితో ఆగిపోతుంది. ఎన్నేళ్లు ఎక్కువ ఆడితే మెదడుకి వచ్చే దీర్ఘకాలపు జబ్బు సీటీఈ ప్రమాదం అంత పెరుగుతుందని బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు చెప్పారు. హైస్కూల్ ఆడినవాళ్లందరికీ వస్తుందని కాదు. కానీ ఈ సంగతి తండ్రీ కొడుకులు ఇద్దరూ తెలుసుకుని ఆడటం వేరు, తెలియకుండా ఆడటం వేరు.

తర్వాత కోచ్‌ని కలవండి. మావాడికి భవిష్యత్తు ఉందా అని అడగవద్దు, ఆయన మర్యాదకి ఏదో చెబుతారు. "ఈ కొలతలతో మా అబ్బాయికి మీ జట్టులో ఏ పని ఉంది? దానికి ఇంకా ఏం నేర్చుకోవాలి?" అని అడగండి. కిక్ రిటర్నులు చేయించాలనుకుంటున్నాం, చేతులు మెరుగవ్వాలి, బ్లాకింగ్ నేర్వాలి, వసంతంలో ట్రాక్‌లో పరుగెత్తమనండి లాంటి జవాబు వస్తే మీవాణ్ని ఆయన నిజంగా చూస్తున్నాడని అర్థం. జవాబులో బాగా కష్టపడాలి అన్నమాట తప్ప ఇంకేమీ లేకపోతే, అక్కడ అతనికి ఇంకా పని లేదని అర్థం. ఆ మాట మీ అబ్బాయి కూడా వినాలి, కాబట్టి వెంట తీసుకెళ్లండి.

మీవారి విషయానికొస్తే, ఆయన భయం చదువు. టెక్సస్‌లో 1984 నుంచి ఒక నిబంధన ఉంది. గ్రేడింగ్ కాలంలో సాధారణ స్థాయి సబ్జెక్టు దేనిలోనైనా 70కి తగ్గితే కనీసం మూడు వారాలు మ్యాచ్ ఆడనివ్వరు. 'నో పాస్, నో ప్లే' అంటారు. మీ ఇంటి గీత 70 కాకుండా 90 పెట్టుకోండి, పెట్టేది నాన్నే అయితే ఇంకా మంచిది. ఇంకో సంగతి చాలామంది మనవాళ్లకి తెలియదు. ఎంఐటీ, కార్నెగీ మెలన్, జాన్స్ హాప్కిన్స్, షికాగో యూనివర్సిటీ... వీటన్నిటికీ డివిజన్ 3 ఫుట్‌బాల్ జట్లున్నాయి. ఆ డివిజన్‌లో ఆట పేరు మీద స్కాలర్‌షిప్ ఇవ్వరు. కానీ మార్కులున్న, ఆటా ఉన్న కుర్రాడి కోసం అక్కడి కోచ్‌లు వెతుకుతుంటారు. 5 అడుగుల 6, 165 పౌండ్ల రన్నింగ్ బ్యాక్ అక్కడ వింత కాదు. శాట్ అన్నా, ఫుట్‌బాల్ అన్నా ఇద్దరూ ఒకే దారి గురించి మాట్లాడుకునే అవకాశం ఉంది. ఆ కాలేజీల జట్ల పేజీలు ఒక ఆదివారం ఇద్దర్నీ కూర్చోబెట్టి చూపించండి. ఆటగాళ్ల ఎత్తు, బరువు, చదువుతున్న మేజర్ అన్నీ అక్కడే ఉంటాయి.

మీ గుండె దడ గురించి. ఆ దడ ఉండటం సహజం, అది పోవాలని నేను చెప్పను. ఒంటరిగా వెళ్లకండి, అంతే. జేవీ మ్యాచ్‌లు చాలాచోట్ల గురువారం సాయంత్రాలే ఉంటాయి. మొదటి మ్యాచ్ తేదీ రాగానే మీవారిని ఆ సాయంత్రం ఆఫీసు మీటింగులు పెట్టుకోవద్దని ఇప్పుడే అడగండి. ఎన్ఎఫ్ఎల్‌కి ఆయన ఒప్పుకోనక్కర్లేదు, ఫుట్‌బాల్ ఇష్టపడనక్కర్లేదు, ఇంటికొచ్చాక ఆట మీద సలహాలు అసలే వద్దు. మీ పక్కన కూర్చుని నాలుగు క్వార్టర్లూ చూసి, దిగివచ్చిన కొడుకుని ఆకలేస్తోందా అని అడిగితే చాలు.